గులాం యజ్దానీ: ప్రాచీన కట్టడాల సంరక్షకుడు

మూసారాంబాగ్ నుండి బయలుదేరి దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌ల మీదుగా హయత్‌నగర్ వరకు సాగే రాజమార్గం మన కళాశాల విద్యార్థులకు సుపరిచితమైనది. ఈ మార్గంలో అంగళ్లు, బస్సులు, బహుళ అంతస్తుల భవనాలు, 2018 నుండి మెట్రో రైలు మన దృష్టిని ఆకర్షిస్తూ ఉంటాయి. ఇదే మార్గానికి ఒక కొసన అస్మాన్‌గఢ్ గుట్టపై 1798లో మరణించిన ఫ్రెంచి సేనాని రేమాండ్ సమాధి ఉన్నది. మరొక కొసన గోల్కొండ రాణి హయాత్ బక్షీ బేగం పేర వెలసిన మసీదు, దాని చుట్టూ బాటసారుల కొరకు కట్టిన సరాయి, ప్రక్కనే హాతీ బౌలీ అనే విశాలమైన దిగుడు బావి ఉన్నవి. నిత్యం ఈ దారిన పోయే మనలో ఎందరు అచ్చట ఆగి చూశారు? మేము కూడా చాలాకాలం చూడకుండా పోయినవారమే. అందువల్లనే ప్రాచీన కట్టడాలను చూడడమెట్లాగో, చదవడమెట్లాగో, చెడిపోకుండా నిలుపుకోవడమెట్లాగో దక్కన్ ప్రజలకు నేర్పిన ఒక మహనీయుని జీవితాన్ని ఈ వ్యాసంలో స్మరింపదలచినాము. ఆయనే హైదరాబాదు రాజ్య పురావస్తు శాఖ తొలి అధిపతి డాక్టర్ గులాం యజ్దానీ.

యజ్దానీగారు 1885వ సంవత్సరం మార్చి 22వ తేదీన ఢిల్లీ నగరంలో జన్మించారు. వారు వాస్తుశిల్పి కారు, ఇంజనీరు కూడా కారు. అరబ్బీ, పారసీక భాషలలో గొప్ప పాండిత్యం సంపాదించి, యౌవనంలోనే ప్రభుత్వ కళాశాలలలో ఆ భాషలను బోధించిన ఆచార్యులు. రాళ్లతోను సున్నంతోను వ్యవహరించవలసిన పనికి భాషాపండితుడెట్లు తగునని ఎవరైనా సందేహింపవచ్చును. కాని ఒక పాత కట్టడం ముందు నిలబడినప్పుడు మొదట అక్కరకు వచ్చేది చదువే. గోడమీది శాసనం ఎవరు కట్టించారో, ఎప్పుడు కట్టించారో, ఎందుకు కట్టించారో చెబుతుంది. దానిని చదవలేనివాడు మరమ్మతు పేరుతో దానిమీదనే సున్నం పూసి పోగలడు. యజ్దానీగారి భాషాజ్ఞానమే ఆయనను కట్టడాల వద్దకు చేర్చినది.

హైదరాబాదు రాజ్యం ఆనాడు సుమారు 82,000 చదరపు మైళ్ల విస్తీర్ణం కలది. తెలుగు, మరాఠీ, కన్నడ ప్రాంతాలు అందులో ఉండేవి. ఉర్దూ రాజభాష. అజంతా, ఎల్లోరా గుహలు, దౌలతాబాదు, బీదరు, గుల్బర్గా కోటలు, ఓరుగల్లు, పాలంపేట, అలంపురం దేవాలయాలు, గోల్కొండ గోరీలు అన్నీ ఆ రాజ్యపు సంపదయే. ఇంతటి సంపద ఉన్నా దానిని పరిరక్షించడానికి ప్రత్యేకమైన శాఖ ఏదీ లేకుండెను. చెట్ల వేళ్లు గోడలను చీల్చుతూ ఉండగా, ఊరివారు శిథిలాలలోని రాళ్లను ఇండ్లకు తీసుకొనిపోతూ ఉండగా, అడిగే నాథుడు లేడు. 1914లో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రభుత్వం పురావస్తు శాఖను నెలకొల్పింది. తరువాతి కాలంలో ప్రధానమంత్రి పదవిని అలంకరించిన సర్ అక్బర్ హైదరీ ఈ ప్రయత్నానికి వెన్నెముకగా నిలిచారు. ఆ శాఖను తీర్చిదిద్దే బాధ్యత 29 ఏండ్ల యజ్దానీగారిపై పడినది. ఢిల్లీ నుండి వచ్చిన ఆ యువకుడు మరల తిరిగిపోలేదు. ఈ నేలనే తన నేలగా చేసుకొని 1943లో పదవీ విరమణ చేసేవరకు ఆ శాఖను నడిపారు.

శాఖ ఏర్పడిన మరుసటి సంవత్సరమే ఒక విశేషం జరిగినది. 1915లో రాయచూరు జిల్లాలోని మస్కీ అనే గ్రామం వద్ద బంగారు గనుల అన్వేషణలో ఉన్న బీడన్ అనే ఇంజనీరుకు ఒక బండపై ప్రాచీన లిపి కనిపించినది. అది మౌర్య చక్రవర్తి శాసనమని తేలినది. అంతవరకు దొరికిన శిలాశాసనాలలో ఆ ప్రభువు తన బిరుదులతోనే కనిపించేవాడు. ఆయన శాసనాలలో అశోకుడనే పేరు స్పష్టంగా కనిపించిన మొదటిది మస్కీ శాసనమే. ఆ బిరుదుల రాజు, అశోకుడు ఒక్కరేనన్న విషయం దీనితో రూఢి అయినది. సుప్రసిద్ధ శాసన పరిశోధకులు హెచ్. కృష్ణశాస్త్రిగారు దీనిని పరిష్కరింపగా, హైదరాబాదు పురావస్తు గ్రంథమాలలో ప్రథమ సంపుటంగా వెలువడినది. ఒక ముస్లిం ప్రభువు రాజ్యంలో, అరబ్బీ పండితుని పర్యవేక్షణలో మొదలైన గ్రంథమాలకు బౌద్ధ చక్రవర్తి శాసనం శ్రీకారం చుట్టడం ఆ శాఖ స్వభావాన్ని చాటుతున్నది.

యజ్దానీగారు స్వయంగా అరబ్బీ, పారసీక శాసనాల పరిష్కర్తలు. భారత ప్రభుత్వం పక్షాన వెలువడే ఇస్లామీయ శాసనాల పత్రికకు సుమారు పాతికేళ్లు సంపాదకత్వం వహించారు. అయినను తనకు రాని భాషల శాసనాలను ఆయన చిన్నచూపు చూడలేదు, ఆ భాషల పండితులను ఆహ్వానించి వారి చేత పరిష్కరింపజేశారు. పి. శ్రీనివాసాచారిగారు సంకలనం చేసిన తెలంగాణ జిల్లాల శాసనాలు 1940లో ఇదే గ్రంథమాలలో వెలువడినవి. కాకతీయుల చరిత్ర చదివే నేటి విద్యార్థికి కూడా అవి ఆధారగ్రంథాలే. తన భాష గొప్పదనం తెలిసినవాడు ఇతరుల భాషను గౌరవించగలడనడానికి ఇంతకన్న నిదర్శనమేమి కావలెను? ఉర్దూ, తెలుగు రెండు భాషలకూ స్థానమిచ్చిన మన కళాశాల వార్షిక సంచికలో ఈ విషయం ప్రస్తావించడం ఎంతయో సముచితమని మేము భావిస్తున్నాము.

యజ్దానీగారి కీర్తికి ప్రధాన కారణం అజంతా. 1819లో జాన్ స్మిత్ అనే ఆంగ్ల సైనికాధికారి కంటబడిన నాటినుండి ఆ గుహలకు ఖ్యాతి వచ్చినది, ఆ ఖ్యాతితో పాటు ప్రమాదమూ వచ్చినది. గబ్బిలాలు, వాననీరు, సాధువుల వంటపొగ అప్పటికే చిత్రాలను చెరచినవి. ఆపైన చూడవచ్చినవారు గోడలపై పేర్లు చెక్కారు. కొందరు బొమ్మలను గోడనుండి ఊడదీసి తీసుకొనిపోజూశారు. నకళ్లు వ్రాసినవారు రంగులు స్ఫుటంగా కనిపించవలెనని వార్నిష్ పూశారు. పోనీ ఆ నకళ్లైనా మిగిలినవా అంటే అదీ లేదు. రాబర్ట్ గిల్ ఏండ్ల తరబడి శ్రమించి వేసిన చిత్రాలలో అధికభాగం 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ అగ్నిప్రమాదంలో దగ్ధమైనవి. బొంబాయి కళాశాల విద్యార్థుల చేత జాన్ గ్రిఫిత్స్ వేయించిన చిత్రాలలో చాలా భాగం 1885లో లండన్‌లోనే మరొక అగ్నిప్రమాదంలో బూడిదైనవి. నకళ్లు కాలిపోతూ ఉన్నవి, అసలు చిత్రాలు పెచ్చులూడి రాలిపోతూ ఉన్నవి. యజ్దానీగారు బాధ్యత స్వీకరించేనాటికి పరిస్థితి ఇది.

ఆయన ముందు రెండు మార్గాలున్నవి. చిత్రకారులను పెట్టి రాలిన చోట్ల కొత్త రంగులు వేయించడం ఒకటి. చూచేవారికి అది కన్నులపండువుగా ఉండేది. కాని అట్లు చేసినచో అది అజంతా కాజాలదు. ఉన్నదానిని ఉన్నట్లుగా నిలిపి, ఇక రాలకుండా చూడడం రెండవది. యజ్దానీగారు రెండవ మార్గాన్ని ఎన్నుకొన్నారు. నిజాం ప్రభుత్వం ఇటలీ నుండి లొరెంజో చెక్కోనీ, కౌంట్ ఒర్సీనీ అనే ఇద్దరు కుడ్యచిత్ర నిపుణులను రావించినది. వారు 1920 నుండి 1922 వరకు గుహలలో పని చేశారు. గోడను విడిచి వ్రేలాడుతున్న గచ్చును మరల రాతికి అంటించారు. పెచ్చుల అంచులను బిగించారు. మసిని, పాత మురికిని తొలగించారు. పొడిపొడిగా రాలుతున్న రంగును లక్క పూతతో నిలిపారు. నిపుణులు వెళ్లిన తరువాత ఆ గుహల సంరక్షణను శాఖ ఉద్యోగులే కొనసాగించారు. లేడీ హెరింగ్‌హామ్ బృందంతో కలిసి నకళ్లు వేసిన హైదరాబాదు చిత్రకారుడు సయ్యద్ అహ్మద్ ఆ గుహల సంరక్షకుడుగా చాలాకాలం సేవ చేశారు.

ఇచ్చట ఒక సత్యాన్ని దాచకుండా చెప్పవలెను. ఆనాడు మేలైనదని వాడిన లక్క పూత కాలక్రమేణ పసుపుబారి, చిత్రాల అసలు వర్ణాలను కప్పివేసినది. తరువాతి దశాబ్దాలలో భారత పురావస్తు శాఖ రసాయనశాస్త్రజ్ఞులు ఆ పూతను అంగుళమంగుళం చొప్పున తొలగించవలసి వచ్చినది. దీనివల్ల యజ్దానీగారి ఘనత తగ్గదని మా అభిప్రాయం. ఆనాటి చికిత్స లేకపోయినచో తొలగించవలసిన పూత క్రింద చిత్రమే మిగిలి ఉండేది కాదేమో. అయితే ఈ ఉదంతం మనకొక పాఠం చెబుతున్నది. పాత కట్టడానికి ఏ మందు వేసినా తరువాతి తరంవారు దానిని తీసివేయడానికి వీలు ఉండవలెను. నేటి పరిరక్షణశాస్త్రం ఈ నియమాన్ని ముఖ్యమైనదిగా పాటిస్తున్నది.

చిత్రాలను గోడమీద నిలిపినంత మాత్రాన యజ్దానీగారు తృప్తి చెందలేదు. మనుష్యుని చేతి నకలుకంటె ఛాయాచిత్రం నమ్మదగినదని గ్రహించి, గుహలలోని చిత్రాలను వర్ణ ఛాయాచిత్రాలుగా తీయించారు. వాటిని వివరణతో సహా అజంతా అనే పేరుతో నాలుగు భాగాలుగా ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ద్వారా వెలువరించారు. మొదటి భాగం 1930లో, రెండవది 1933లో, మూడవది 1946లో, నాలుగవది 1955లో వచ్చినవి. పదవీ విరమణ తరువాత పండ్రెండేండ్లకు గాని ఆ కార్యం పూర్తి కాలేదన్నమాట. ఈనాడు ఏ చిత్రం ఎంత చెడినదో తెలుసుకొనడానికి ఆ సంపుటాలే కొలమానంగా ఉపకరిస్తున్నవి. 1983లో అజంతా, ఎల్లోరా గుహలు ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందినవి.

తెలుగు నేలకు యజ్దానీగారు చేసిన సేవలో పాలంపేట ప్రథమగణ్యం. ఓరుగల్లుకు ఈశాన్యాన అడవుల నడుమ, చెరువు చెంతన ఉన్న రామప్ప దేవాలయాన్ని గురించి 1922లో ఆయన ఒక సచిత్ర గ్రంథం ప్రచురించారు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో నిర్మింపజేసిన ఆ ఆలయం ఈ గ్రంథంతో దేశదేశాల పండితుల దృష్టికి వచ్చినది. ఆ ఆలయాన్ని కట్టినవారి ప్రజ్ఞ నేటి ఇంజనీరింగు విద్యార్థులు శ్రద్ధతో గమనింపదగినది. పునాదిలో ఇసుక నింపి బరువును సర్దారు. గోడలకు ఇసుకరాయిని, నునుపైన శిల్పాలకు నల్లరాయిని వాడారు. శిఖరానికి మాత్రం నీటిపై తేలగలిగినంత తేలికైన ఇటుకలను పేర్చి క్రింది నిర్మాణంపై భారం తగ్గించారు. ఎనిమిది వందల ఏండ్లు గడిచినా ఆలయం నిలిచి ఉన్నది. 2021లో ఇది కూడా ప్రపంచ వారసత్వ సంపదల పట్టికలో చేరినది.

అజంతా, ఎల్లోరాలలోను ఇటువంటి ప్రజ్ఞయే కానవస్తుంది. రాతి గోడపై బంకమట్టిలో వరి ఊక, గడ్డి, నార కలిపి పూసి, దానిపై పలుచని సున్నపు పూత వేసి, అధికంగా స్థానికంగా దొరికే ఖనిజాల రంగులతోనే చిత్రించారు. ఎల్లోరా మట్టిపూతలో గంజాయి జాతి మొక్క నార కలిపినందువల్ల పురుగు పట్టకుండా నిలిచినదని 2016లో పరిశోధకులు వెల్లడించారు. చుట్టుప్రక్కల దొరికే వస్తువులతో, ఎండకు వానకు అనుగుణంగా, దీర్ఘకాలం మన్నేటట్లు కట్టడమే నేడు పర్యావరణహిత నిర్మాణం అని పిలువబడుతున్నది. మన పూర్వులకు ఇది కొత్త మాట కాదు. పాత కట్టడాలను కాపాడుకున్నప్పుడే ఆ విద్య మనకు దక్కుతుంది. కూలిన కట్టడంతోపాటు దానిని కట్టిన మేస్త్రీ తెలివి కూడా మట్టిలో కలిసిపోతుంది.

బీదరు కోటలోని రాజప్రాసాదాలపై శతాబ్దాలుగా పేరుకొన్న మట్టిదిబ్బలను యజ్దానీగారి శాఖ తొలగించి, బహమనీ, బరీదీ సుల్తానుల కట్టడాలను వెలికితీసినది. ఆ నగర చరిత్రను, కట్టడాలను వివరించే ఆయన బృహద్గ్రంథం 1947లో వెలువడినది. అలంపురం ఆలయాలకు, ఎల్లోరా గుహలకు మరమ్మతులు జరిగినవి. మెదకు జిల్లా కొండాపురంలో 1940 ప్రాంతాన జరిపిన త్రవ్వకాలలో శాతవాహనుల కాలపు నాణేలు, మట్టిబొమ్మలు, పూసలు బయటపడి, ఆంధ్రుల ప్రాచీన పట్టణ జీవనానికి సాక్ష్యమిచ్చినవి. ఈ వస్తువులన్నీ ప్రజలకు కనబడవలెననే ఉద్దేశంతో 1930లో బాగ్-ఎ-ఆమ్ ఉద్యానంలో హైదరాబాదు మ్యూజియం వెలసినది. నేడది రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలగా నాంపల్లి వద్ద విద్యార్థులకు అందుబాటులో ఉన్నది. అజంతా చిత్రాల నకళ్లను అచ్చట నేటికీ చూడవచ్చును.

యజ్దానీగారి పనిలో ఒక క్రమం మాకు గోచరిస్తున్నది. మొదట కట్టడాన్ని చూచి కొలతలు, ఛాయాచిత్రాలు తీయించేవారు. పిదప శాసనాన్ని చదివించేవారు. ఆ తరువాతనే మరమ్మతు. చివరకు జరిగినదంతా వార్షిక నివేదికలో అచ్చువేయించేవారు. సర్ జాన్ మార్షల్ నేతృత్వంలో భారత పురావస్తు శాఖ ఆనాడు బోధించిన సూత్రం కూడా ఇదే. పాతదానిని కొత్తదిగా చేయరాదు, పాతదిగానే బ్రతికించవలెను. మసీదైనా, మందిరమైనా, బౌద్ధ విహారమైనా ఈ సూత్రానికి మినహాయింపు లేకుండెను. తన మతంవారి కట్టడమని ఎక్కువ, ఇతరులదని తక్కువ అనే భేదం ఆయన గ్రంథాలలో మచ్చునకైనా కానరాదు.

1948లో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో విలీనమైనది. 1956లో ఆ రాజ్యమే మూడుగా విడిపోయినది. అజంతా, ఎల్లోరాలు నేటి మహారాష్ట్రలోను, బీదరు, మస్కీలు కర్ణాటకలోను చేరినవి. ఒక్కచేతిమీదుగా సంరక్షణ పొందిన సంపద వేర్వేరు రాష్ట్రాలకు పోయినా, యజ్దానీగారి దృష్టిలో దక్కన్ ఒక్కటే. వృద్ధాప్యంలో ఆయన సంపాదకత్వం వహించిన దక్కన్ ప్రాచీన చరిత్ర 1960లో రెండు సంపుటాలుగా వెలువడినది. అందులో కాకతీయుల చరిత్రను మన తెలుగు చరిత్రకారులు నేలటూరి వేంకటరమణయ్యగారు, మల్లంపల్లి సోమశేఖరశర్మగారు రచించారు. అప్పటికి యజ్దానీగారి వయస్సు 75 సంవత్సరాలు. 1959లో భారత ప్రభుత్వం ఆయనను పద్మభూషణ్ బిరుదంతో సత్కరించినది. 1962 నవంబరు 13వ తేదీన ఆయన పరమపదించారు. యువకుడుగా అడుగుపెట్టిన ఈ రాజ్యంతో ఆయన అనుబంధం నలుబది ఎనిమిదేండ్లు సాగినది.

ఇక మన వీధికి వద్దాము. రేమాండ్ సమాధి చెంతనున్న స్తంభాల మంటపం ఈ శతాబ్ది ఆరంభంలో కూలిపోగా, పురావస్తు శాఖ దానిని మరల నిలబెట్టినది. ముస్లింలు మూసారహీం అని, హిందువులు మూసారాం అని ఆదరంతో పిలుచుకొన్న ఆ పరదేశి పేరే మూసారాంబాగుకు నిలిచినది. సరూర్‌నగర్‌లోని విక్టోరియా మెమోరియల్ భవనం నిజాం ప్రాసాదంగా కట్టబడి, ఇరువదవ శతాబ్ది ఆరంభంలో అనాథ బాలల ఆశ్రయంగా మారినది. పాత కట్టడాన్ని పడగొట్టకుండా కొత్త ప్రయోజనానికి వినియోగించడం కంటె మేలైన పరిరక్షణ లేదు. ఉన్న గోడకు కొత్తగా ఇటుక కాల్చనక్కరలేదు, కొత్తగా సిమెంటు తేనక్కరలేదు. హయత్‌నగర్ సరాయి గదులు, హాతీ బౌలీ మాత్రం ఇంకను మన శ్రద్ధకై ఎదురుచూస్తున్నవి. బాటసారికి నీడను, నీటిని ఏర్పాటు చేసిన ఆ కట్టడం ఒక ఊరికే పేరునిచ్చినది. దాని చుట్టూ ఇండ్లు దట్టంగా పెరుగుతున్నవి.

ఆ మసీదుకు, బావికి మన విద్యార్థులు కొత్త రంగులు పూయనక్కరలేదు. యజ్దానీగారి క్రమాన్నే అనుసరింపవచ్చును. మొదట వెళ్లి చూడవలెను. కొలతలు తీయవలెను, బొమ్మలు గీయవలెను, ఛాయాచిత్రాలు తీయవలెను. ఏ గోడ నెర్రె విచ్చినదో, ఏ మూల రావిచెట్టు మొలిచినదో వ్రాసిపెట్టి సంబంధిత శాఖకు తెలియజేయవలెను. చరిత్ర శాఖవారు, విజ్ఞానశాస్త్ర శాఖవారు, ఉర్దూ, తెలుగు శాఖలవారు కలిసి చేయదగిన పని ఇది. కళాశాల కార్యవర్గంవారు ఇట్టి ప్రయత్నానికి ఏటా ఒక దినాన్ని కేటాయించినచో ఎంతయో ఉపకారం జరుగుతుందని మా సవినయ విజ్ఞప్తి. అరబ్బీ పాఠం చెప్పుకొనే ఒక ఉపాధ్యాయుడు అజంతాను నిలబెట్టగలిగినప్పుడు, మన ఇంటి ముంగిటనున్న ఒక దిగుడు బావిని నిలుపుకొనడం మనకు అసాధ్యమేమీ కాదు.